యలవర్తి నాయుడమ్మ

యలవర్తి నాయుడమ్మ (సెప్టెంబరు 10, 1922 - జూన్ 23, 1985) ప్రపంచ ప్రఖ్యాతి పొందిన చర్మ సాంకేతిక శాస్త్రవేత్త. మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు సంచాలకుడుగాను, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్)కి డైరెక్టర్ జనరల్‌గాను, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగాను పనిచేశాడు. పచ్చితోళ్ళను ఎగుమతి చేసుకొనే దేశంగా ఉన్న భారతదేశం తయారైన తోలును, తోలు వస్తువులను ఎగుమతి చేసే దేశంగా మారడంలో ఈయన కృషి ఎంతో కలదు. అదే పరిశ్రమ నుండి వెలువడే క్రోమియం మడ్డి తరువాతి కాలంలో ప్రమాదకర వ్యర్థాల చట్టాలకు ముఖ్యమైన విషయమైనది. అందువలన నాయుడమ్మ జీవితాన్ని చదివేవారు ఆ నియమాలను కూడా కొంత తెలుసుకోవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో రెండింటినీ కలిపి వివరించడానికి కారణం ఇదే.

పేరును బట్టి ఈయనను స్త్రీ అని పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు. పాఠశాలలలో శాస్త్రవేత్తల పేర్లు చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

బాల్యము, విద్యాభ్యాసము

నాయుడమ్మ గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని యలవర్రు గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. (2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ గ్రామం బాపట్ల జిల్లాలో ఉన్నది.) గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం ప్రధానాంశంగా బి.ఎస్‌సి. పట్టా పొందాడు. పిమ్మట మద్రాసులో చర్మ సాంకేతిక విద్యలో చేరాడు.

ఆ రోజులలో ఇది సాధారణమైన విషయం కాదు. తోళ్ళ పని అంటే ఊరి చివర, చెరువుకు దిగువన, వాసన రాని దూరంలో జరిగే పని. ఆ పని చేసేవారిని సమాజం అంటరానివారిగా చూసింది. సుఖమైన ఉద్యోగానికి దారితీసే చదువులు అందుబాటులో ఉండగా, సేద్యం చేసుకొనే కుటుంబంలోని యువకుడు సున్నపు గోతులలో నానుతున్న పశువుల చర్మాల దగ్గరికి వెళ్ళడం చూసేవారికి వింతగానే ఉండి ఉంటుంది. తోలు పనిని రసాయన శాస్త్రంగా చూడగలగడమే ఈయన మొదటి విజయమని చెప్పవచ్చు.

ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి పిహెచ్.డి. పట్టా పొందాడు. అప్పటికి అమెరికాలో కూడా కర్మాగారాల వ్యర్థాలను ఎక్కడ పారబోయాలో, ఎలా పూడ్చాలో చెప్పే సమాఖ్య చట్టం ఏదీ లేదు. ఘన వ్యర్థాలపై మొదటి సమాఖ్య చట్టం 1965లో వచ్చినది. ప్రమాదకర వ్యర్థాల చట్టం అంతకంటె 11 సంవత్సరాలు ఆలస్యంగా వచ్చినది. కనుక ఆ తరం శాస్త్రవేత్తలు నేర్చిన పాఠాలలో మంచి తోలు ఎలా తయారవుతుందన్నదే ప్రధానం. తోలు తయారైన తరువాత తొట్టిలో మిగిలినదాని సంగతి ఆ పాఠాలలో చిన్న భాగమే.

తోలు ఎలా తయారగును

నాయుడమ్మ పనిని అర్థం చేసుకోవడానికి తోలు తయారీ గురించి కొంత తెలియాలి. పచ్చి చర్మం రెండు మూడు రోజులలో కుళ్ళిపోతుంది. అందులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులను ఏదో ఒక పదార్థంతో బంధిస్తే చర్మం కుళ్ళకుండా, వంగే గుణంతో, నీటికి తట్టుకొనే తోలుగా మారుతుంది. ముందుగా ఉప్పు కడిగి, సున్నంలో నానవేసి వెంట్రుకలు తీసి, మాంసపు పొర గీకివేస్తారు. ఆ తరువాత అసలు శుద్ధి మొదలగును.

మన దేశంలో తరతరాలుగా వాడినవి చెట్ల పదార్థాలు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ ఇందులో ముఖ్యమైనవి. తెలుగునాట బతుకమ్మకు పూలిచ్చే తంగేడు తోళ్ళ శుద్ధికి చెక్కనిచ్చేదని నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఈ పద్ధతికి వారాల కాలం పడుతుంది. దక్షిణ భారతదేశంలో ఇలా తయారై ఎగుమతి అయిన తోలుకు అంతర్జాతీయ విపణిలో ఈస్టిండియా తోలు అని పేరు వచ్చినది.

రెండవ పద్ధతి క్రోమియం లవణాలతో చేసేది. 19వ శతాబ్దంలో విదేశాలలో రూపొందిన ఈ పద్ధతిని 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ప్రవేశపెట్టాడు. బావుల నుండి ఎద్దులతో నీరు తోడే మోటలకు కావలసిన తోలు సంచులు నీటిలో నాని చెడిపోకుండా ఉండాలన్నది ఆయన ప్రయోజనాలలో ఒకటి. మద్రాసు శివారులోని క్రోంపేటకు ఆ పేరు అక్కడి క్రోమ్ తోలు కర్మాగారం వలననే వచ్చినది. క్రోమియం పద్ధతిలో వారాల పని ఒక రోజులో ముగుస్తుంది. తోలు మెత్తగా, వేడికి తట్టుకొనేదిగా ఉంటుంది. బూట్ల పై తోలుకు ఇంతకంటె అనువైనది లేదు.

కాని తొట్టిలో వేసిన క్రోమియం మొత్తం తోలుకు అంటదు. సాధారణ పద్ధతిలో సుమారు మూడింట రెండు వంతులు తోలులోకి పోగా మిగిలినది నీటిలో ఉండిపోతుంది. ఇది కాక వెయ్యి కిలోల పచ్చితోళ్ళ నుండి తయారయ్యే తోలు సుమారు 200 నుండి 250 కిలోలు మాత్రమే. మిగిలినదంతా వెంట్రుకలు, కొవ్వు, గీకుడు ముక్కలు, మడ్డి రూపంలో బయటకు పోవలసిందే.

కేంద్ర చర్మ పరిశోధనా సంస్థలో

మద్రాసులో కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు 1948 ఏప్రిల్ 24న శంకుస్థాపన జరిగినది. దాని మొదటి సంచాలకుడు బి.ఎం.దాస్. అమెరికా నుండి వచ్చిన నాయుడమ్మ ఈ సంస్థలో పనిచేసి 1958లో సంచాలకుడైనాడు. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు నిండలేదు. 1971 వరకు ఈ పదవిలో ఉన్నాడు.

ఈ 13 సంవత్సరాలలో ఆయన చేసిన ముఖ్యమైన పని ప్రయోగశాల గోడలు దాటి బయటకు రావడం. శాస్త్రవేత్తలు, తోళ్ళ వ్యాపారులు, చెప్పులు కుట్టే పనివారు ఒకే చోట కూర్చొని మాట్లాడుకొనే వార్షిక సమావేశాలను ప్రారంభించాడు. కాన్పూరు, కలకత్తా, జలంధర్ వంటి చోట్ల సంస్థకు ప్రాంతీయ కేంద్రాలు పనిచేసినవి. గ్రామాలలో చనిపోయిన పశువుల చర్మాలను సరిగా ఒలిచి నిలవ చేయడం నేర్పితే పేద పనివాని చేతికి ఎక్కువ డబ్బు వస్తుందని ఆయన నమ్మకం. చర్మానికి కత్తిగాటు పడితే దాని విలువ సగానికి పడిపోతుంది. ఈ చిన్న విషయం మీద శ్రద్ధ పెట్టడమే ఆయన పద్ధతికి గుర్తు. స్వదేశంలో దొరికే చెట్ల చెక్కలపైన, విదేశాల నుండి వచ్చే తుమ్మజాతి చెక్కకు బదులు వాడదగిన పదార్థాలపైన కూడా సంస్థలో పరిశోధనలు సాగినవి. ఐక్యరాజ్యసమితి సంస్థల సలహాదారుగా వర్ధమాన దేశాలకు వెళ్ళి అక్కడి తోళ్ళ పరిశ్రమలకు మార్గదర్శనం చేశాడు.

ఎగుమతుల విధానము, దాని రెండు ముఖములు

పచ్చితోలును తక్కువ ధరకు అమ్మి, అదే తోలుతో చేసిన బూట్లను ఎక్కువ ధరకు కొనడం వలస పాలన మిగిల్చిన అలవాటు. దీనిని మార్చాలని నాయుడమ్మ మొదటి నుండి వాదించినవారిలో ఒకడు. 1972లో సీతారామయ్య సంఘం నివేదిక సమర్పించినది. 1973లో ప్రభుత్వం పచ్చితోళ్ళ ఎగుమతిని నిషేధించి, సగం శుద్ధి చేసిన తోళ్ళ ఎగుమతికి పరిమితులు విధించినది. ఆ తరువాత పూర్తిగా తయారైన తోలు, బూట్లు, సంచులు, దుస్తుల ఎగుమతులు వేగంగా పెరిగినవి. లక్షలమందికి, ముఖ్యంగా దళితులకు, ముస్లింలకు, స్త్రీలకు ఉపాధి లభించినది.

ఈ కథకు మరొక వైపు కూడా ఉన్నది. తోలు ఇక్కడ తయారైతే దాని మురుగు కూడా ఇక్కడనే మిగులుతుంది. ఐరోపా, అమెరికాలలో పర్యావరణ నియమాలు గట్టిపడుతున్న దశాబ్దంలోనే తడి పని, అనగా నానవేయడం, సున్నం పెట్టడం, క్రోమియం పట్టించడం, ఆసియా దేశాలకు తరలి వచ్చినది. తమిళనాడులో పాలారు నది వెంబడి ఆంబూరు, వాణియంబాడి, పెర్నాంబట్టు, రాణిపేట ఊళ్ళలోను, ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున కాన్పూరు జాజ్‌మావులోను బావుల నీరు ఉప్పగా మారింది. పాలారు మన చిత్తూరు జిల్లా మీదుగా ప్రవహించి తమిళనాడులోకి వెళ్ళే నది.

దీనికి నాయుడమ్మను బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. మురుగునీటి శుద్ధి గురించిన పరిశోధనలు ఆయన కాలంలోనే సంస్థలో జరిగినవి. కాని శుద్ధి యంత్రాలకు పెట్టుబడి పెట్టమని పరిశ్రమను నిర్బంధించే చట్టం లేనప్పుడు ఆ పరిశోధనలు పత్రికలలోనే ఉండిపోయినవి. ఆయనకు ఈ సమస్యతో సంబంధమే లేదని అనడం కూడా పొరపాటే. పరిశ్రమను పెంచిన విధానం ముందు వచ్చినది. వ్యర్థాన్ని అదుపు చేసే విధానం 16 సంవత్సరాల తరువాత వచ్చినది. ఈ మధ్య కాలపు భారాన్ని పాలారు లోయ రైతులు మోశారు.

సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్

నాయుడమ్మ 1971లో సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్ పదవి చేపట్టి 1977 వరకు కొనసాగాడు. అదే 1971లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ఇచ్చినది. కరీంనగర్ జిల్లాను తీసుకొని, ప్రయోగశాలల విజ్ఞానాన్ని గ్రామాల అవసరాలకు వర్తింపజేసే ఒక ప్రయోగాన్ని ఈ కాలంలో నడిపాడు. దీనికి కరీంనగర్ ప్రాజెక్టు అని పేరు.

చాలా జీవిత చరిత్రలలో ప్రస్తావనకు రాని విషయం ఒకటి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. దేశంలో విషపదార్థాలను, మురుగును శాస్త్రీయంగా పరీక్షించే రెండు ప్రధాన ప్రయోగశాలలు అప్పుడు ఈయన పాలనలో ఉన్నవి. ఒకటి నాగపూర్‌లోని ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనా సంస్థ. 1958లో ఏర్పడిన ఈ సంస్థకు 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ (నీరి) అని కొత్త పేరు వచ్చినది. రెండవది 1965లో లక్నోలో స్థాపించబడిన పారిశ్రామిక విషశాస్త్ర పరిశోధనా కేంద్రం. తరువాతి కాలంలో న్యాయస్థానాలు తోళ్ళ కర్మాగారాలపై విచారణ జరిపినప్పుడు సాంకేతిక నివేదికలు ఇచ్చినవారిలో నీరి నిపుణులు ముఖ్యులు.

అదే 1974లో పార్లమెంటు నీటి కాలుష్య నివారణ చట్టం చేసినది. నీరు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. అందుచేత కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరగా, 252వ అధికరణం కింద కేంద్రం ఈ చట్టాన్ని చేయవలసి వచ్చినది. మిగిలిన రాష్ట్రాలు తరువాత ఒక్కొక్కటిగా దీనిని స్వీకరించినవి. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడినది. ఈ చట్టం నీటిలోకి వదిలే మురుగు గురించి చెప్పినది. శుద్ధి చేసిన తరువాత అడుగున మిగిలే మడ్డిని ఏమి చేయాలో అందులో స్పష్టంగా లేదు. నీటిని శుభ్రం చేసినకొద్దీ మడ్డి పెరుగుతుంది. నీటిలోని విషం మాయం కాదు, ఘనరూపంలోకి మారుతుంది. ప్రమాదకర వ్యర్థాల నియమాల అవసరం ఇక్కడినుండే మొదలైనది.

తరువాతి జీవితము, మరణము

1977 తరువాత నాయుడమ్మ మద్రాసు తిరిగి వెళ్ళి విశిష్ట శాస్త్రవేత్తగా పనిచేశాడు. 1981-82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడుగా ఉన్నాడు. వర్ధమాన దేశాలకు సంబంధించిన అంతర్జాతీయ శాస్త్ర సంఘాలలో బాధ్యతలు నిర్వహించాడు.

1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడి వేలమంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాత ఆరు నెలలు మాత్రమే నాయుడమ్మ జీవించాడు. 1985 జూన్ 23న కెనడా నుండి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ సమీపంలో సముద్రంపై బాంబు పేలి కూలిపోయినది. అందులో ఉన్న 329 మంది మరణించారు. వారిలో నాయుడమ్మ ఒకడు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు. భార్య పవన వైద్యురాలు. ఆమె కూడా తరువాత కొద్దికాలానికే మరణించినది.

ప్రమాదకర వ్యర్థాల నియమములు

భోపాల్ తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినది. ఈసారి కేంద్రం రాష్ట్రాల తీర్మానాల కోసం ఎదురుచూడలేదు. 1972 స్టాక్‌హోమ్ సమావేశ నిర్ణయాలను అమలు చేయడానికి అంటూ, అంతర్జాతీయ ఒప్పందాలకు సంబంధించిన 253వ అధికరణం ఆధారంగా దేశమంతటికీ వర్తించే చట్టం చేసినది. ఈ చట్టం కింద 1989 జూలై 28న ప్రమాదకర వ్యర్థాల నియమాలు ప్రకటించబడినవి. వాటిని 2000, 2003లలో సవరించారు. 2008లో కొత్త నియమాలు వచ్చినవి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ 4న ప్రస్తుత నియమాలు ప్రకటించారు. అధికార విభజన ఇలా ఉన్నది: నియమాలు చేసేది కేంద్ర ప్రభుత్వం, ప్రతి కర్మాగారానికి అనుమతి ఇచ్చి తనిఖీ చేసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి.

విద్యార్థులు ముందుగా తెలుసుకోవలసినది, ఒక పదార్థం ప్రమాదకర వ్యర్థమని ఎలా నిర్ణయిస్తారన్నది. దీనికి రెండు దారులు కలవు. మొదటిది పుట్టుకను బట్టి. ఏ పరిశ్రమలో ఏ దశలో వచ్చే వ్యర్థం ప్రమాదకరమో నియమాల మొదటి షెడ్యూలులో పట్టిక ఉన్నది. తోళ్ళ కర్మాగారాల నుండి వచ్చే క్రోమియం గల మడ్డి ఈ పట్టికలో ఉన్నది. యంత్రాలలో వాడి తీసివేసిన నూనె కూడా ఉన్నది. రెండవది గుణాన్ని బట్టి. మండే గుణం, కొరికే గుణం, పేలే గుణం, విషగుణం, వీటిలో ఏదైనా ఉన్నదా, ఫలానా లోహం పరిమితికి మించి ఉన్నదా అని పరీక్షిస్తారు.

అమెరికా సమాఖ్య నియమాలను దీనితో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. అక్కడ 1976 అక్టోబరు 21న వనరుల సంరక్షణ చట్టం వచ్చినది. దాని కింద ప్రమాదకర వ్యర్థాల నియమాలు 1980లో అమలులోకి వచ్చినవి. అక్కడ కూడా పట్టిక, గుణం అనే రెండు దారులే. సమాఖ్య ప్రభుత్వం కనీస ప్రమాణం నిర్ణయిస్తుంది. రాష్ట్రాలు అనుమతి పొంది అమలును తామే చేపట్టవచ్చును. అవి సమాఖ్య నియమాలకంటె కఠినంగా ఉండవచ్చును కాని సడలించకూడదు. వ్యర్థాన్ని చెత్త పూడ్చిన గోతులలోని ఊటనీటివలె పనిచేసే పలుచని ఆమ్లద్రావణంలో ఊరబెట్టి, ఆ ద్రావణంలో క్రోమియం లీటరుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటె ఎక్కువ ఉంటే అది ప్రమాదకర వ్యర్థం.

అయితే తోళ్ళ పరిశ్రమకు 1980లోనే ఒక మినహాయింపు ఇచ్చారు. వ్యర్థంలోని క్రోమియం దాదాపు అంతా మూడు సంయోజకత గలదై ఉండాలి, అది మూడు సంయోజకత గల క్రోమియమునే వాడే ప్రక్రియ నుండి రావాలి, ఆమ్లజనీకరణ జరగని పరిస్థితులలో దానిని నిలువ చేయాలి. ఈ షరతులకు లోబడిన కొన్ని తోలు వ్యర్థాలు ఆ దేశపు సమాఖ్య నియమాలలో ప్రమాదకరమైనవి కావు. అదే మడ్డి భారతదేశంలో పట్టికకు ఎక్కిన ప్రమాదకర వ్యర్థం. లీహైలో చదివి మద్రాసులో పనిచేసిన నాయుడమ్మ జీవించి ఉంటే ఒకే పదార్థానికి తన రెండు విద్యాస్థానాలలో రెండు పేర్లు ఉండడం చూసేవాడు.

ఎవరు సరి? క్రోమియం రెండు ముఖ్య రూపాలలో ఉంటుంది. తోలులో వాడే మూడు సంయోజకత గల రూపం తక్కువ విషం గలది, నేలలో సులభంగా కదలదు. ఆరు సంయోజకత గల రూపం క్యాన్సరు కలిగించేది, నీటిలో తేలికగా కరిగి భూగర్భజలంలోకి దిగుతుంది. అమెరికా నియమం ఈ భేదం మీద ఆధారపడినది. కాని మడ్డిని కాల్చినప్పుడు, లేదా మాంగనీసు ఆక్సైడులు గల నేలలో పడవేసినప్పుడు మొదటి రూపంలో కొంత భాగం రెండవ రూపంలోకి మారగలదు. (మాంగనీసు మన విజయనగరం జిల్లా గరివిడి, గర్భాం ప్రాంతాలవారికి కొత్త కాదు.) ఆరుబయట పోగులు పెట్టి వదిలివేసే అలవాటు ఉన్న చోట నిలువ సరిగా ఉంటుందన్న షరతుపై నమ్మకం పెట్టుకోవడం కష్టం. కనుక మన నియమం కఠినంగా ఉండడమే సబబు. రాణిపేటలో తోళ్ళ పరిశ్రమకు రసాయనాలు చేసిన ఒక క్రోమేటు కర్మాగారం మూతపడిన తరువాత లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం ఆ ఆవరణలోనే మిగిలిపోయినది. అందులో ఆరు సంయోజకత గల క్రోమియం కూడా ఉన్నది.

వ్యర్థం చేతులు మారే విధానం కూడా నియమాలలో ఉన్నది. ఉదాహరణకు గజపతినగరం పరిసరాలలోని ఒక కార్ఖానాలో ప్రమాదకరమైన మడ్డి మిగిలినదనుకొందాము. యజమాని ముందుగా రాష్ట్ర మండలి నుండి అనుమతి పొందాలి. వ్యర్థాన్ని కప్పు ఉన్న చోట, పేరు రాసిన పీపాలలో, సాధారణంగా 90 రోజులకు మించకుండా ఉంచాలి. పంపేటప్పుడు వేర్వేరు రంగుల ఏడు ప్రతులు గల రవాణా పత్రం నింపాలి. పంపినవాడు, లారీవాడు, పుచ్చుకొన్నవాడు సంతకాలు చేయగా, కొన్ని ప్రతులు మండలికి చేరుతాయి. దారిలో ఏ గెడ్డలోనైనా గుమ్మరించి వెళ్ళిపోతే పత్రాల లెక్క కుదరదు. విశాఖపట్నం సమీపంలోని పరవాడ (2022 నుండి అనకాపల్లి జిల్లా) ఫార్మా సిటీలో ఇటువంటి వ్యర్థాలను పుచ్చుకొని శుద్ధి చేసి పూడ్చే ఉమ్మడి కేంద్రం ఉన్నది. అక్కడ నేలలోకి ఊట దిగకుండా బంకమట్టి, ప్లాస్టిక్ పొరలు పరచిన గోతులలో వ్యర్థాన్ని పూడుస్తారు. ఊరి చెత్తకుప్పకు, దీనికి భేదం ఇదే.

దేశాల మధ్య ప్రమాదకర వ్యర్థాల రవాణాను అదుపు చేసే బాసెల్ ఒప్పందం 1989 మార్చిలో కుదిరినది. భారతదేశం దానిని 1992లో ఆమోదించినది. ఈ ఒప్పందం పీపాలలో వచ్చే వ్యర్థాన్ని ఆపగలదు కాని, తోలు పని మొత్తం తరలి రావడం వలన ఇక్కడనే పుట్టే వ్యర్థం దాని పరిధిలోకి రాదు.

న్యాయస్థానములలో

నాయుడమ్మ మరణించిన రెండు సంవత్సరాలకు, 1987 సెప్టెంబరు 22న, ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ప్రాథమిక శుద్ధి ఏర్పాటు చేయని కాన్పూరు తోళ్ళ కర్మాగారాలను మూసివేయమని ఆదేశించినది. 1996 ఆగస్టు 28న వేలూరు పౌర సంక్షేమ వేదిక వ్యాజ్యంలో తీర్పు వచ్చినది. పాలారు ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతవరకో పాడైనదని ఆ తీర్పులో నమోదైనది. ఒక కిలో తోలు తయారీకి సుమారు 35 లీటర్ల నీరు ఖర్చగునని కూడా అందులో ఉన్నది. ముందు జాగ్రత్త సూత్రం, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలనే సూత్రం భారతదేశపు చట్టంలో భాగమని ఈ తీర్పు ప్రకటించినది. దీనిని న్యాయశాస్త్ర విద్యార్థులు తప్పక చదువుతారు.

ప్రమాదకర వ్యర్థాల నియమాల అమలును పరిశీలించడానికి సుప్రీంకోర్టు 1997లో ఉన్నతాధికార సంఘాన్ని నియమించినది. దాని అధ్యక్షుడు ఎం.జి.కె.మీనన్ కూడా నాయుడమ్మ తరువాతి కాలంలో సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా పనిచేసినవాడే.

కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ ఈ తీర్పుల కాలంలో తన పాత విద్యార్థులైన కర్మాగార యజమానులకు కొత్త పాఠం చెప్పవలసి వచ్చినది. తొట్టిలో మిగిలిన క్రోమియం ద్రావణానికి మెగ్నీషియం ఆక్సైడు కలిపితే క్రోమియం అడుగుకు దిగుతుంది. దానిని గంధకికామ్లంలో కరిగించి మళ్ళీ తోలుకు వాడవచ్చును. దీనివలన మడ్డిలోకి పోయే క్రోమియం బాగా తగ్గుతుంది, యజమానికి రసాయనం ఖర్చు కలిసివస్తుంది. నీరు లేకుండానే క్రోమియం పట్టించే పద్ధతిని కూడా ఆ సంస్థ తరువాత రూపొందించినది. తోళ్ళలో నిలువ కోసం వేసే ఉప్పు సమస్య మాత్రం ఇంకా తీరలేదు. ఉప్పును బంధించే రసాయనం లేదు. నీటిని ఆవిరి చేసి ఉప్పును వేరుచేసినా ఆ ఉప్పు గుట్టలను ఉంచడానికి చోటు వెతకవలసి వస్తున్నది.

2025 జనవరి 30న సుప్రీంకోర్టు పాలారు తోళ్ళ కాలుష్యంపై మరల తీర్పు చెప్పి, నష్టపోయిన కుటుంబాలకు పరిహారం చెల్లించాలని, దానిని కాలుష్యకారుల నుండి వసూలు చేయాలని ఆదేశించినది. అదే సంవత్సరంలో భోపాల్ కర్మాగారంలో నలభై ఏళ్ళుగా మిగిలి ఉన్న సుమారు 337 టన్నుల వ్యర్థాన్ని పీతంపూర్‌కు తరలించి కాల్చివేశారు.

స్మారకములు

నాయుడమ్మ పేర తెనాలిలో స్మారక సంస్థ ఏర్పడి, శాస్త్ర సాంకేతిక రంగాలలో కృషి చేసినవారికి పురస్కారాలు ఇచ్చుచున్నది. చెన్నై అడయారులోని కేంద్ర చర్మ పరిశోధనా సంస్థలో ఆయన ప్రారంభించిన వార్షిక సమావేశాలు ఆయన తరువాత కూడా కొనసాగినవి. వాటి చర్చలలో వ్యర్థాల శుద్ధికి ఇప్పుడు ముఖ్యమైన స్థానం ఉన్నది.